నోబెల్ వచ్చింది ఉపవాసానికి కాదు: ఈస్ట్ కణంలో యోషినోరి ఒసుమి కనిపెట్టిందేమిటి?

క్లుప్తంగా

జపాన్ కణజీవశాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చింది ఉపవాసం గొప్పదనాన్ని నిరూపించినందుకు కాదు. కణం తన లోపలి పాత సరుకును తానే విరగ్గొట్టి మళ్లీ వాడుకునే ప్రక్రియను ఆటోఫజీ అంటారు. దాన్ని నడిపే జన్యువులను, యంత్రాంగాన్ని ఈస్ట్‌లో బయటపెట్టినందుకు ఆ బహుమతి. ఒసుమి ప్రభావాన్ని ఆరోగ్య సలహాల్లో వెతికితే దొరకదు. ప్రపంచంలోని ప్రయోగశాలలకు ఆయన అందించిన పనిముట్లలో వెతకాలి. ఎన్ని గంటల పస్తుకు మనిషి శరీరంలో ఏ అవయవంలో ఎంత ఆటోఫజీ జరిగిందో చెప్పే మామూలు రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. షుగర్ మందులు వాడేవారు డాక్టరును అడగకుండా రోజుల తరబడి పస్తులుంటే ప్రాణాల మీదికి రావచ్చు.

సందేశం ఒకటి, బహుమతి మరొకటి

కార్తీక మాసం వస్తే విజయవాడలో కృష్ణ ఒడ్డున ఘాట్లన్నీ తెల్లవారకముందే నిండిపోతాయి. సోమవారాలు పగలంతా ఏమీ తినకుండా, నక్షత్ర దర్శనం అయ్యాకే విస్తరి ముందు కూర్చునే ఇళ్లు లెక్కలేనన్ని. రంజాన్ నెలలో సహరీకి లేచే గుంటూరు వీధుల్లోనూ అంతే నిష్ఠ కనిపిస్తుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే ఫోన్లలో ఒక సందేశం చేతులు మారుతూ ఉంటుంది. లంఖణం పరమౌషధమని మన పెద్దలు ఏనాడో చెప్పారనీ, జపాన్ శాస్త్రవేత్త దాన్ని నిరూపించి నోబెల్ కొట్టారనీ, ఇన్ని గంటలు తిండి మానేస్తే శరీరం క్యాన్సర్ కణాలను తినేస్తుందనీ అందులో ఉంటుంది. కింద ఒసుమి ఫొటో కూడా పెడతారు.

ఫొటో ఆయనదే, నోబెల్ నిజమే. మధ్యలో ఉన్నదంతా అతుకు. స్టాక్‌హోమ్‌లో 2016 అక్టోబర్ 3న వెలువడిన ప్రకటనలో కారణం ఒక్క వాక్యంలో ఉంది: ఆటోఫజీ యంత్రాంగాలను కనిపెట్టినందుకు. ఆ వాక్యంలో ఉపవాసం లేదు, క్యాన్సర్ చికిత్స లేదు, గంటల లెక్క అసలే లేదు. ఆయన ప్రయోగాలు నడిచింది మనుషుల మీద కాదు. బేకరీలో బన్నుల పిండి పొంగడానికి కలిపే ఈస్ట్ మీద.

ఈ అతుకు వల్ల రెండు నష్టాలున్నాయి. జబ్బు ఉన్నవాళ్లు లేని భరోసాతో పస్తులుంటారు. రెండో నష్టం అంతగా కంటికి కనిపించదు: పాతికేళ్లకు పైగా సాగిన ఒక గొప్ప పరిశోధన చిట్కా స్థాయికి కుదించుకుపోతుంది. ఆ పరిశోధన నడిచిన తీరు తెలిస్తే సందేశంలో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో చదువరికే అర్థమవుతుంది.

ఎవరూ పట్టించుకోని రిక్తిక

ఒసుమి 1945 ఫిబ్రవరి 9న ఫుకువోకాలో పుట్టారు. టోక్యో విశ్వవిద్యాలయంలో చదివి 1974లో డాక్టరేట్ అందుకున్నారు. అదే ఏడాది న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ ఆయన పనిచేసింది 1972 నోబెల్ గ్రహీత జెరాల్డ్ ఎడెల్‌మన్ దగ్గర. మొదట అప్పగించిన పని ఎలుకల అండాలను శరీరం బయట ఫలదీకరించడం. అప్పటిదాకా బ్యాక్టీరియాతో పనిచేసిన మనిషికి అది కొరుకుడు పడలేదు. అక్కడే ఈస్ట్ వైపు మళ్లారు. ఈస్ట్ కణాలను పగలగొట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కేంద్రకాలను వేరు చేసే పనిలో ఉండగా గొట్టం పైభాగాన తేలే ఒక పొర ఆయన కంటబడింది. అది రిక్తికల పొర.

ఇంటర్ బైపీసీ విద్యార్థికి రిక్తిక (వాక్యూల్) కొత్త పేరు కాదు. కణం బొమ్మ గీసేటప్పుడు మధ్యలో పెద్ద ఖాళీ సంచీలా గీసి, పేరు రాసి వదిలేసే భాగం అది. 1970లలో శాస్త్రవేత్తల దృష్టి కూడా దాదాపు అంతే. కణం చెత్తంతా చేరే మూలగా చూసేవారు తప్ప, అందులో పరిశోధించడానికి ఏముంటుందన్నది అప్పటి భావన. 1977లో టోక్యోకు తిరిగొచ్చిన ఒసుమి ఆ చెత్త మూలనే ఎంచుకున్నారు. రిక్తిక పొర గుండా అమైనో ఆమ్లాలు, అయాన్లు ఎలా లోపలికి పోతాయో దశాబ్దం పాటు చూశారు. నలుగురూ ఎగబడే చోట పోటీపడటం తనకు నచ్చదని ఆయన తర్వాతి కాలంలో పలుమార్లు చెప్పుకున్నారు. ఆయన ఎంపికలన్నీ ఆ మాటకు కట్టుబడే ఉన్నాయి.

సొంత ప్రయోగశాల చేతికొచ్చింది 1988లో. అప్పటికి ఆయన వయసు 43. మంది లేరు, పెద్ద పరికరాలు లేవు. మైక్రోస్కోపు ఉంది.

తూము మూస్తే కనబడింది

ఆటోఫజీకి ఒసుమి పేరు పెట్టలేదు, ఆ ప్రక్రియను మొదట చూసిందీ ఆయన కాదు. కణంలో సరుకును అరగదీసే తిత్తులైన లైసోజోములను 1955లో కనుగొన్న బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్ 1963లో ఆ పేరు పెట్టారు. కణంలోని కొంత భాగాన్ని ఒక పొర చుట్టేసి తిత్తిలా మారడం, ఆ తిత్తి లైసోజోముతో కలవడం, లోపలి ఎంజైములు సరుకును అరగదీయడం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కాలేయ కణాల్లో కనిపించాయి. లైసోజోముల మీద పనికి డి డ్యూవ్‌కు 1974లో నోబెల్ కూడా వచ్చింది. ఆ తర్వాత బండి కదల్లేదు. తిత్తి ఏర్పడిన కొద్ది నిమిషాల్లోనే కరిగిపోతుంది. దాన్ని గుర్తుపట్టడానికి ప్రత్యేకమైన ప్రొటీన్ ఏదీ తెలియదు. ఏ జన్యువు నడిపిస్తోందో అసలే తెలియదు. ప్రక్రియ ఉందని అందరికీ తెలుసు, పట్టుకోవడానికి కొస దొరకలేదు. పేరు పెట్టాక పాతికేళ్లు అలాగే గడిచాయి.

ఈస్ట్‌లో లైసోజోము చేసే పనిని రిక్తిక చేస్తుంది. ఈస్ట్ కణం ఎంతో చిన్నది, మిల్లీమీటరులో సుమారు రెండు వందలో వంతు. అందులో రిక్తిక మాత్రం పెద్దది, మామూలు మైక్రోస్కోపుకే దొరుకుతుంది. ఈస్ట్‌లో ఆటోఫజీ జరుగుతుందో లేదో అప్పటికి ఎవరికీ ఖాయంగా తెలియదు. జరుగుతున్నా చూడటం కష్టమే, ఎందుకంటే రిక్తికలోకి వచ్చిందల్లా వెంటనే అరిగిపోతుంది. ఇక్కడే ఒసుమి ఆలోచన పదునెక్కింది. అరగదీసే ఎంజైములనే తీసేస్తే? బందరు కాలవ లాకులు దించేస్తే నీళ్లు పైన నిలిచిపోయినట్టు, లోపలికి వచ్చిన సరుకు కరగక అక్కడే పోగుపడాలి.

రిక్తికలో ముఖ్యమైన ప్రొటీన్ విచ్ఛేదక ఎంజైములు లోపించిన ఈస్ట్ రకాలు అప్పటికే ఇతర ప్రయోగశాలల్లో ఉన్నాయి. ఒసుమి వాటిని నత్రజని బొత్తిగా లేని ద్రావణంలో ఉంచారు. నత్రజని లేకపోతే కణం కొత్త ప్రొటీన్లు చేసుకోలేదు. అలాంటప్పుడు పాత వాటిని విరగ్గొట్టుకోక తప్పదని అంచనా. కొన్ని గంటల్లోనే రిక్తికలు చిన్న చిన్న గోళాలతో నిండిపోయాయి. మైక్రోస్కోపు కింద అవి ఒక చోట ఉండవు, ద్రవంలో అణువుల తాకిడికి అటూ ఇటూ ఎగిరిపడుతూ ఉంటాయి. ప్రతి గోళం కణద్రవ్యంలో ఓ ముక్కను మూటగట్టుకుని వచ్చింది. పాతికేళ్లుగా చిక్కని ప్రక్రియ ఇలా మామూలు కాంతి మైక్రోస్కోపు కింద, కదులుతూ కనిపించింది.

ఆ ఫలితం 1992లో జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో వచ్చింది.

పదిహేను జన్యువుల వేట

కనిపించడం మొదటి మెట్టు మాత్రమే. ఇంతటితో ఆగి ఉంటే ఒసుమి పేరు ఓ చక్కని పరిశీలనకు పరిమితమయ్యేది. ఆ దృశ్యాన్నే ఆయన జల్లెడగా మార్చారు, చరిత్ర మలుపు తిరిగింది అక్కడే.

పద్ధతి ఇది. ఎంజైములు లేని ఈస్ట్ కణాలకు రసాయనంతో జన్యువుల్లో యాదృచ్ఛిక మార్పులు కలిగించాలి. ఒక్కో కణం నుంచి ఒక్కో గుంపును పెంచాలి. వాటిని నత్రజని లేకుండా ఉంచి, ఒక్కొక్కటిగా మైక్రోస్కోపు కింద పెట్టాలి. రిక్తికలో గోళాలు ఉంటే ఆటోఫజీ నడుస్తున్నట్టే, ఆ గుంపును పక్కన పెట్టేయాలి. గోళాలు లేని గుంపు దొరికితే అందులో ఆటోఫజీకి అవసరమైన ఏదో ఒక జన్యువు చెడిందని అర్థం. వేల గుంపులను ఇలా కంటితో చూడాలి. అప్పటి విద్యార్థిని మికి త్సుకాదా చేసిన పని ఇదే. అలా జన్యువు చెడిన మొదటి గుంపు దొరికాక ఒక లక్షణం బయటపడింది: ఆటోఫజీ చెడిన కణాలు పస్తులో త్వరగా చచ్చిపోతున్నాయి. చచ్చిన కణాలను గులాబీ రంగులోకి మార్చే ఒక అద్దకం ఉంది. దాంతో ముందుగా వడగట్టి, గులాబీ రంగుకు తిరిగిన గుంపులనే మైక్రోస్కోపు కింద చూడటంతో పని వేగం పుంజుకుంది. చివరికి 15 జన్యువులు తేలాయి.

1993లో ఈ ఫలితాన్ని ప్రచురించింది ఫెబ్స్ లెటర్స్ అనే పత్రిక. శాస్త్ర ప్రపంచంలో గౌరవం ఉన్నదే, కానీ నేచర్, సెల్, సైన్స్‌ల సరసన నిలబెట్టే స్థాయి కాదు. చిన్న వ్యాసం. ఒక రంగమంతటికీ పునాది పడింది ఆ కొద్ది పేజీల్లో.

ఈ పద్ధతి ఒసుమి సొంతమేమీ కాదు. కణ విభజన జన్యువులను లీలాండ్ హార్ట్‌వెల్ ఈస్ట్‌ను ఇలాగే చెడగొట్టి పట్టుకున్నారు, 2001లో నోబెల్ పంచుకున్నారు. కణం నుంచి ప్రొటీన్లు బయటికి వెళ్లే దారిని రాండీ షెక్‌మన్ ఇలాగే ఛేదించి 2013లో నోబెల్ పంచుకున్నారు. ముగ్గురి తర్కం ఒక్కటే: యంత్రం ఎలా నడుస్తుందో తెలియనప్పుడు ఒక్కో మర విప్పి, ఎక్కడ ఆగిందో చూడటం. ఒసుమికి మిగతా ఇద్దరికన్నా పెద్ద చిక్కు ఒకటి ఎదురైంది. ఆయన పట్టిన జన్యువుల్లో చాలావాటి ప్రొటీన్లు అప్పటికి తెలిసిన వేటినీ పోలిలేవు. జన్యువు చేతిలో ఉన్నా అది చేసే పనేమిటో ఊహించడానికి ఆధారం లేదు.

1996లో ఆయన ఒకాజాకీలోని జాతీయ మౌలిక జీవశాస్త్ర సంస్థకు మారారు. నోబొరు మిజుషిమా, తమొత్సు యోషిమొరి వంటి యువ పరిశోధకులు చేరారు. చిక్కుముడులు ఒకటొకటిగా విడింది అప్పుడే. 1998లో నేచర్‌లో వచ్చిన ఫలితం: ఒక చిన్న ప్రొటీన్ మరో ప్రొటీన్‌కు శాశ్వతంగా అతుక్కుంటుంది, ఆ అతుకు పడకపోతే తిత్తే ఏర్పడదు. 2000లో మరింత వింత తేలింది. ఇప్పుడు ఏటీజీ-8 అని పిలిచే ప్రొటీన్ మరో ప్రొటీన్‌కు కాదు, పొరలోని కొవ్వు అణువుకు అతుక్కుంటుంది. తిత్తి పొర పెరగడానికి ఇదే కీలకం. ప్రొటీన్ కొవ్వుకు ఇలా కలిసే వ్యవస్థ అంతకుముందు ఎవరూ చూడనిది.

మధ్యలో పేర్ల గందరగోళం కూడా నడిచింది. జర్మనీలో మైకేల్ తుమ్, అమెరికాలో డేనియల్ క్లయాన్‌స్కీ బృందాలు ఇవే జన్యువుల్లో చాలావాటిని విడిగా పట్టుకుని ఎవరి పేర్లు వారు పెట్టుకున్నాయి. 2003లో అందరూ కూర్చుని ఏటీజీ అన్న ఒకే వరుస పేరుకు ఒప్పుకున్నారు. ఇప్పుడా వరుసలో 40కి పైగా జన్యువులున్నాయి.

ఎలుకల్లో తేలిన విషయం

బేకరీ ఈస్ట్‌లో దొరికింది మనిషికి ఎందుకు పనికొచ్చిందన్న ప్రశ్న సహజం. ఈ జన్యువుల్లో ముఖ్యమైనవి ఈస్ట్ నుంచి మొక్కలు, జంతువులు, మనిషి దాకా పెద్దగా మారకుండా వచ్చాయి. ఏటీజీ-8కు క్షీరదాల్లో జోడీ ఎల్‌సీ-3 అని యోషిమొరి బృందం 2000లో చూపించింది. దానికి పచ్చగా మెరిసే ప్రొటీన్‌ను తగిలిస్తే, తిత్తులు ఏర్పడిన చోటల్లా కణంలో పచ్చని చుక్కలు కనిపిస్తాయి. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఆటోఫజీ ప్రయోగం చేసినా మొదట వెతికేది ఆ చుక్కలనే.

మిజుషిమా బృందం ఏటీజీ-5 జన్యువు లేని ఎలుకలను పుట్టించింది. అవి పుట్టేటప్పుడు చూడటానికి బాగానే ఉన్నాయి. ఒక్క రోజులోపే చనిపోయాయి. కారణం 2004లో తేలింది. పిల్ల పుట్టగానే బొడ్డు పేగు ద్వారా వచ్చే పోషణ తెగిపోతుంది, తల్లిపాలు నిలకడగా అందడానికి కొంత సమయం పడుతుంది. ఆ నడిమి గంటల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల శరీరంలో ఆటోఫజీ ఒక్కసారిగా పెరిగి, సొంత ప్రొటీన్ల నుంచే అమైనో ఆమ్లాలు సమకూరుస్తుంది. ఆ జన్యువు లేని పిల్లలకు ఈ ఆసరా లేదు.

2006లో వచ్చిన రెండు ఫలితాలు ఇంకా కీలకమైనవి, మన చర్చకు నేరుగా సంబంధించినవి. మెదడు కణాల్లో మాత్రమే ఆటోఫజీని ఆపేసిన ఎలుకలకు తిండి కడుపునిండా పెట్టారు. అయినా వాటి నాడీకణాల్లో ప్రొటీన్ ముద్దలు పేరుకున్నాయి, కదలికలు దెబ్బతిన్నాయి. ఆటోఫజీ పస్తు ఉన్నప్పుడే మేల్కొనే వ్యవస్థ కాదని దీంతో తేటతెల్లమైంది. రోజూ, తిన్నా తినకపోయినా, నెమ్మదిగా నడుస్తూ కణాన్ని శుభ్రంగా ఉంచడం దాని మొదటి పని. పెద్ద మనిషి రోజుకు తినే ప్రొటీన్ 60 నుంచి 80 గ్రాములైతే, శరీరం కొత్తగా కట్టుకునేది 200 నుంచి 300 గ్రాములు ఉంటుంది. తేడా అంతా పాత ప్రొటీన్లను విడగొట్టి తిరిగి వాడుకోవడం నుంచే వస్తుంది. ఆటోఫజీ ఆ పని చేసే రెండు పెద్ద వ్యవస్థల్లో ఒకటి. రెండోది ప్రొటియాజోమ్; ఏ ప్రొటీన్ అక్కడికి వెళ్లాలో గుర్తు వేసే యుబిక్విటిన్ పద్ధతికి 2004లో రసాయన నోబెల్ వచ్చింది.

జబ్బుల వైపు దారులు ఇక్కడి నుంచే చీలాయి. పేగులకు వచ్చే క్రోన్స్ వ్యాధికీ ఏటీజీ-16ఎల్1 జన్యువులో తేడాకూ సంబంధం 2007లో బయటపడింది. కొన్ని కుటుంబాల్లో చిన్న వయసులోనే వచ్చే పార్కిన్సన్స్‌కు కారణమైన పింక్-1, పార్కిన్ జన్యువులు కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా చెడితే వాటిని ఆటోఫజీకి అప్పగించే పని చేస్తాయి. రక్షక కణంలోకి దూరిన క్షయ బ్యాక్టీరియాను ఆటోఫజీ అణచగలదని 2004లో కణాల స్థాయిలో చూపించారు. క్షయ రోగుల్లో ప్రపంచం మొత్తం మీద సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు కాబట్టి ఈ దారి మీద మనకు ఆసక్తి ఉండటం సహజం. ఇవన్నీ జబ్బు ఎలా వస్తుందో వివరించే దారులు, చికిత్సలుగా ఇంకా మారలేదు.

ఉపవాసం దగ్గరికి వస్తే

పోషకాలు తగ్గితే ఆటోఫజీ పెరుగుతుంది. సందేశంలో నిజం ఇంతవరకు ఉంది. కణంలో టార్ అనే ప్రొటీన్ అమైనో ఆమ్లాలు, ఇన్సులిన్ ఉన్నంతసేపు ఆటోఫజీని తొక్కిపెడుతుంది. టార్‌ను ఆపే రాపమైసిన్ మందు ఇస్తే తిండి ఉన్నా ఈస్ట్‌లో ఆటోఫజీ మొదలవుతుందని ఒసుమి, ఆయన సహచరుడు నోడా 1998లో చూపించారు. శక్తి తగ్గినప్పుడు మేల్కొనే మరో కాపలాదారు ఏఎంపీకే. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువుల తరుగుదలను అది పసిగడుతుంది.

అక్కడి నుంచి కార్తీక సోమవారానికి దూకడం మాత్రం కుదరదు. ఈస్ట్ ప్రయోగంలో నత్రజని పూర్తిగా తీసేశారు. మనిషి ఒక పూట మానేసినా కాలేయంలో నిల్వలుంటాయి, రక్తంలో అమైనో ఆమ్లాలు అడుగంటవు. ఎలుకల్లో ఒకటి రెండు రోజుల పస్తుతో కాలేయం, కండరాల్లో ఆటోఫజీ బాగా పెరిగింది నిజమే. కానీ ఎలుక జీవక్రియ వేగం మనిషి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, దాని ఒక రోజు పస్తు మనిషి ఒక రోజు పస్తు కాదు. పైగా అన్ని అవయవాలూ ఒకేలా స్పందించవు. పచ్చని చుక్కలు కనిపించేలా మార్చిన ఎలుకలను 2004లో పస్తు పెట్టి చూస్తే చాలా అవయవాల్లో చుక్కలు పెరిగాయి, మెదడులో పెరగలేదు. పస్తుంటే మెదడు శుభ్రమవుతుందని చెప్పేవారు ఈ ఫలితానికి జవాబు చెప్పాలి.

మనుషుల్లో కొలవడం ఇంకా కష్టం. చుక్కలు ఎక్కువగా కనిపించినంత మాత్రాన ఆటోఫజీ ఎక్కువ జరుగుతోందని కాదు. చివర్లో లైసోజోము దగ్గర అడ్డుపడినా చుక్కలు పోగుపడతాయి. మొదలు నుంచి చివరిదాకా సరుకు ఎంత వేగంగా సాగుతోందో తెలియాలి. దానికి కణజాలం కావాలి, మందులతో కూడిన పరీక్షలు కావాలి. ఆటోఫజీని ఎలా కొలవాలో, ఎలా కొలవకూడదో చెప్పే మార్గదర్శకాలను ఈ రంగం కొన్నేళ్లకోసారి సవరించి ప్రచురిస్తుంది. 2016 నాటి కూర్పుకు రెండు వేల మందికి పైగా శాస్త్రవేత్తలు రచయితలుగా ఉన్నారు. నిపుణులే ఇంత జాగ్రత్త పడుతున్న చోట 16 గంటలకు ఇంత, 72 గంటలకు అంత అని ఫోనులో పట్టిక పంపడానికి ఏ ఆధారమూ లేదు.

క్యాన్సర్ విషయంలో సందేశం తలకిందులుగా కూడా ఉండవచ్చు. కణితి పుట్టకముందు ఆటోఫజీ రక్షణగా పనిచేసే అవకాశముంది. బెక్లిన్-1 జన్యువు మీద బెత్ లెవిన్ బృందం 1999లో చేసిన పని ఆ వైపు చూపింది. కణితి పెరిగాక కథ మారుతుంది. రక్తం సరిగా అందని చోట క్యాన్సర్ కణం కూడా బతకడానికి ఆటోఫజీనే వాడుకుంటుంది. అందుకే చికిత్స పరీక్షల్లో చాలావరకు వెతుకుతున్నది ఆటోఫజీని ఆపే మార్గం. కీళ్లవాతానికి, లూపస్‌కు డాక్టర్లు రాసే హైడ్రాక్సీక్లోరోక్విన్ లైసోజోము ఆమ్లతను తగ్గించి ఆటోఫజీ చివరి మెట్టును అడ్డుకుంటుంది. క్యాన్సర్ మందులతో కలిపి దాన్ని పరీక్షించింది ఈ ఉద్దేశంతోనే.

ఉపవాసం వల్ల బరువు, ఇన్సులిన్ విషయంలో లాభముందా అన్నది వేరే ప్రశ్న. దాన్ని మనుషుల మీద జరిగిన పరీక్షలే తేల్చాలి, ఒసుమి పేరు అరువు తెచ్చుకుని తేల్చలేం. ఇక భక్తితో ఉండే ఉపవాసానికి నోబెల్ సాక్ష్యం అక్కర్లేదు, అది లేనందువల్ల దానికి తగ్గేదీ లేదు. చిక్కంతా భక్తిని చికిత్సగా అమ్మినప్పుడే. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ తిండి మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ తరహా షుగర్ మందులు వాడేవారు రోజుల తరబడి పస్తుంటే చక్కెర మామూలుగా ఉన్నట్టు కనిపిస్తూనే రక్తంలో ఆమ్లత పెరిగే ముప్పుంది. గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, క్యాన్సర్ చికిత్సలో ఇప్పటికే బరువు తగ్గుతున్నవారు ఇలాంటి సందేశాలను నమ్మి తిండి మానేయకూడదు. వారం రోజుల జావ, నిమ్మరసం పథకాలకు దిగేముందు వాడుతున్న మందుల చీటీని డాక్టరుకు చూపించి, మోతాదు మార్చాలేమో అడగడం తప్పనిసరి.

ప్రభావాన్ని దేనితో కొలవాలి

ఒక శాస్త్రవేత్త ప్రభావాన్ని సాధారణంగా ఉల్లేఖనలతో కొలుస్తారు, అంటే ఇతరులు తమ వ్యాసాల్లో ఆయన పనిని ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్కతో. ఆ లెక్కలోనూ ఒసుమి ముందే ఉన్నారు. ఉల్లేఖనల ఆధారంగా నోబెల్ అర్హులను అంచనా వేసే థామ్సన్ రాయిటర్స్ జాబితాలో 2013లో ఒసుమి, మిజుషిమా, క్లయాన్‌స్కీ ముగ్గురి పేర్లూ వచ్చాయి. మూడేళ్ల తర్వాత నోబెల్ మాత్రం ఒసుమి ఒక్కరికే దక్కింది. ముగ్గురి దాకా పంచుకునే వీలున్నా ఒక్కరికే ఇవ్వడం మీద చర్చ జరిగింది. కమిటీ విలువ కట్టింది మొదటి తలుపు తీసిన పనికని అనుకోవడమే సబబు. ఎంతమంది ఆ గదిలో నడిచారన్నది ఆ తర్వాతి లెక్క.

ఒసుమి పనికి ముందు ఆటోఫజీ మీద ఏడాదికి వచ్చే వ్యాసాలు కొద్ది పదులు. ఇప్పుడు ఏటా వేలల్లో వస్తున్నాయి. 2005లో ఈ ఒక్క విషయానికే ప్రత్యేక పత్రిక మొదలైంది. ఆ వ్యాసాల్లో అధిక భాగం ఒసుమి ఎన్నడూ ముట్టని సమస్యల మీద: గుండె, కాలేయం, మొక్కలు, సూక్ష్మజీవులు. ఆ పరిశోధకులందరూ వాడుతున్నది ఆయన జన్యువుల పట్టికనే, ఆ పట్టిక నుంచి పుట్టిన గుర్తులనే.

ఇలాంటి ప్రభావానికి తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. కొత్త సిద్ధాంతం కాదు, కొలిచే పద్ధతి. శాస్త్ర చరిత్రలో అత్యధికంగా ఉదహరించిన వ్యాసాల్లో అది ఒకటైంది. వైద్య విద్యార్థులు ఆ జంట పేరును బయోకెమిస్ట్రీలో ఇప్పటికీ చదువుతారు. కణంలోని ఫాస్ఫరస్ పదార్థాలను వెతుకుతూ ఆ ఇద్దరే 1929లో, జర్మనీలో కార్ల్ లోమన్‌తో పాటు విడిగా, ఏటీపీని గుర్తించారు. పస్తులో ఏఎంపీకే పసిగట్టేది ఆ ఏటీపీ తరుగుదలనే.

ఇప్పుడు మన విశ్వవిద్యాలయాల వైపు చూస్తే లెక్క వేరుగా ఉంటుంది. 2010లో యూజీసీ అధ్యాపకుల పదోన్నతులకు పాయింట్ల పద్ధతి తెచ్చింది, వ్యాసానికి ఇన్ని అని. 2016 నుంచి కేంద్రం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో ప్రచురణల సంఖ్యకు, ఉల్లేఖనలకు బరువుంది. లెక్క ఉండటం తప్పు కాదు, ఏమీ చేయనివారిని గుర్తించడానికి అది పనికొస్తుంది. తేడా ఎక్కడొస్తుందంటే, ఆ పట్టికలో 1988 నుంచి 1992 దాకా ఒసుమి సంవత్సరాలను నింపి చూస్తే. కొత్త ప్రయోగశాల, చేతినిండా మైక్రోస్కోపు పని, నాలుగేళ్లకు ఒక కీలక వ్యాసం. మరుసటి ఏడాది వచ్చిన పునాది వ్యాసం ఓ మామూలు స్థాయి పత్రికలో. పత్రిక హోదాను బట్టి పాయింట్లిచ్చే పద్ధతికి 1993 నాటి ఆ వ్యాసం విలువ తెలిసే వీలే లేదు. పదేళ్ల తర్వాత దాని మీద ఎవరు ఏం కట్టారో చూస్తేనే తెలుస్తుంది. డాక్టరేట్ సిద్ధాంత వ్యాసం సమర్పించడానికి ముందు పత్రికలో ప్రచురణ తప్పనిసరన్న నిబంధనను యూజీసీ 2022లో తొలగించింది. సంఖ్య కోసం ఏదో ఒక చోట అచ్చు వేయించే ఒత్తిడిని విద్యార్థి స్థాయిలోనైనా తగ్గించే సరైన మార్పు అది. అధ్యాపకుల స్థాయిలో ఆ ఒత్తిడి అలాగే ఉంది.

ఉపయోగమేమిటని మొదటి రోజే నిలదీసే ధోరణి శాస్త్రాన్ని ఎండగడుతుందని నోబెల్ వచ్చిన వేళ ఒసుమి స్వయంగా హెచ్చరించారు. జపాన్‌లో మౌలిక పరిశోధనలకు నిధులు పోటీ పద్ధతిలో, తక్కువ కాలానికి ఇవ్వడం పెరిగిందన్నది ఆయన ఆందోళన. 2017లో ఆయన పేరుతో ఏర్పడిన ఫౌండేషన్ తక్షణ ప్రయోజనం చూపించలేని మౌలిక జీవశాస్త్ర పరిశోధనలకు సాయం చేస్తోంది. ఈస్ట్ రిక్తిక మీద 1977లో పని మొదలుపెట్టిన మనిషి ఆనాడు దరఖాస్తులో రాయగలిగిన ప్రయోజనం ఏదీ లేదు. పార్కిన్సన్స్‌తో దానికున్న బంధం బయటపడటానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.